హారీ విలియమ్స్

హారీ విలియమ్స్ (జూలై 8, 1906 - సెప్టెంబరు 11, 1983) అమెరికాకు చెందిన ఇంజనీరు, పిన్‌బాల్ యంత్రాల రూపకర్త, పారిశ్రామికవేత్త. నాణెం వేసి ఆడే ఈ యంత్రాలలో విద్యుత్తును ఆటలో భాగంగా చేసినవారిలో ప్రథమగణ్యుడు. యంత్రాన్ని మోసపూరితంగా కుదిపే ఆటగాడిని పట్టుకొనే టిల్ట్ అనే ఏర్పాటును కనిపెట్టినది ఇతడే. ఇతడు 1943లో షికాగోలో స్థాపించిన కంపెనీ 1999 వరకు పిన్‌బాల్ యంత్రాలను తయారు చేసింది. ఆ కంపెనీ యంత్రాలను ఇళ్ళలో పెట్టుకొని, స్వయంగా మరమ్మతు చేసుకొంటూ ఆడే అభిరుచి గలవారు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు.

పిన్‌బాల్ అంటే

మన ప్రాంతంలో పిన్‌బాల్ యంత్రాలు అరుదు. అయితే విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరుపై స్పేస్ కేడెట్ అనే ఆట ఆడినవారికి దీని స్వరూపం తెలిసే ఉంటుంది. కాళ్ళపై నిలబెట్టిన, ఆటగాడి వైపు కొద్దిగా వాలి ఉండే పొడవాటి పెట్టె, దానిపై అద్దం, అద్దం క్రింద బొమ్మలు వేసిన చెక్క పలక ఉంటాయి. స్ప్రింగుతో కొట్టిన ఉక్కు గుండు పలక పైభాగానికి వెళ్ళి, అక్కడి నుండి రకరకాల అడ్డంకులకు తగులుతూ క్రిందికి జారుతుంది. తగిలిన ప్రతిచోటా పాయింట్లు వస్తాయి. గుండు అడుగున ఉన్న సందులో పడిపోతే ఆ వంతు ముగిసినట్లే. కంప్యూటరు ఆటలో సైతం బల్లను అతిగా కుదిపితే టిల్ట్ అన్న మాట కనిపించి మీటలు పనిచేయకుండా పోతాయి. ఆ నియమానికి మూలపురుషుడు హారీ విలియమ్స్.

తొలి జీవితం

విలియమ్స్ న్యూయార్క్ నగరంలో జన్మించాడు. చిన్న వయసులోనే కాలిఫోర్నియాకు చేరి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివాడు. అతడు చదువు ముగించుకొని వచ్చిన కొద్దికాలానికే అమెరికాను మహా ఆర్థికమాంద్యం చుట్టుముట్టింది. ఉద్యోగాలు లేవు, జనం చేతిలో డబ్బు లేదు. ఒక పైసా ఖర్చుతో కాసేపు కాలక్షేపం ఇచ్చే వస్తువుకు అటువంటి రోజుల్లోనే గిరాకీ ఏర్పడింది. 1931లో షికాగోకు చెందిన డేవిడ్ గాట్లీబ్ తయారు చేసిన బాఫిల్ బాల్ అనే చిన్న బల్లపై ఆట దుకాణాలలో, బార్బరు షాపులలో విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి సంవత్సరం రేమండ్ మొలోనీ తెచ్చిన బాలీహూ కూడా అంతే పేరు తెచ్చుకొంది. అదే పేరుతో బాలీ కంపెనీ ఏర్పడింది.

విలియమ్స్ ఈ రంగంలోకి తయారీదారుగా రాలేదు. లాస్ ఏంజెల్స్‌లో యంత్రాలను దుకాణాలలో ఉంచి, వచ్చిన నాణేలలో దుకాణదారుకు వాటా ఇచ్చే ఆపరేటరుగా మొదలుపెట్టాడు. ఆపరేటరుకు ఉన్న ప్రధానమైన చిక్కు ఏమిటంటే, ఒక ఆట కొద్ది వారాలకే జనానికి పాతబడిపోతుంది, కొత్త యంత్రం కొనాలంటే పెట్టుబడి కావాలి. విలియమ్స్ పాత పెట్టెలను అట్లాగే ఉంచి, లోపలి పలకను మాత్రం మార్చి కొత్త ఆటగా తయారు చేయసాగాడు. ఈ పని అతడికి పాఠశాల వంటిదయింది. ఏ భాగం త్వరగా అరుగుతుందో, ఆటగాడు ఎక్కడ విసుగు చెందుతాడో, ఎక్కడ మోసం చేస్తాడో అతడు కాగితంపై కాక దుకాణంలోనే నేర్చుకొన్నాడు. తరువాతి కాలంలో అతడి ఆటలకు వచ్చిన పేరుకు ఈ అనుభవమే కారణమని చెప్పవచ్చును.

టిల్ట్ కథ

అతడి తొలి ఆటలలో అడ్వాన్స్ అనేది ఒకటి. దానిలో గుండు తగిలితే కదిలే సున్నితమైన చిన్న ద్వారాలు ఉండేవి. ఒకనాడు ఒక ఆటగాడు యంత్రం అడుగుభాగాన్ని అరచేతితో చరచి, గుండుతో పని లేకుండానే ఆ ద్వారాలను కదిలించడం విలియమ్స్ గమనించాడు. అతడికి పట్టరాని కోపం వచ్చింది. పెట్టె అడుగున మేకులు దిగగొట్టి, మొనలు క్రిందికి పొడుచుకొని ఉండేటట్లు చేశాడు. చరచినవాడి చేతికి గాయం తప్పదు. త్వరలోనే ఇది మరీ క్రూరమైన చికిత్స అని గ్రహించి మరో మార్గం వెదికాడు.

అట్లా పుట్టినదే స్టూల్ పిజియన్. అమెరికా వాడుకలో ఈ మాటకు పోలీసులకు ఉప్పందించేవాడు అని అర్థం. ఒక చిన్న పీఠంపై ఒక గుండును నిలబెట్టాడు. యంత్రాన్ని గట్టిగా కుదిపితే ఆ గుండు పీఠం మీద నుండి పడిపోయి, ఆటగాడు తప్పు చేశాడని చాటుతుంది. ఈ యంత్రంపై ఆడుతున్న ఒకడు తాను దానిని టిల్ట్ చేశానని, అనగా ఒరగనిచ్చానని, ప్రక్కవాడితో అనగా విలియమ్స్ విన్నాడనీ, నాటి నుండి ఆ పేరే స్థిరపడిందనీ చెబుతారు.

తరువాత పీఠం స్థానంలో లోలకం వచ్చింది. ఇది తాపీమేస్త్రీలు గోడ నిటారుగా ఉన్నదో లేదో చూసుకొనే గుండు వంటిదే. ఒక లోహపు కడ్డీకి బరువు వ్రేలాడుతూ ఉంటుంది, దాని చుట్టూ తాకకుండా ఒక లోహపు ఉంగరం ఉంటుంది. పెట్టె మితిమీరి ఊగితే కడ్డీ ఉంగరానికి తగిలి విద్యుత్ వలయం పూర్తి అవుతుంది, ఆ గుండుతో ఆట ఆగిపోతుంది. బరువును కడ్డీపై పైకి జరిపితే యంత్రం కొంత ఓర్పు వహిస్తుంది, క్రిందికి దించితే కఠినంగా ఉంటుంది. ఈ ఏర్పాటులో గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఇది కుదపడాన్ని పూర్తిగా నిషేధించలేదు, హద్దును మాత్రమే నిర్ణయించింది. హద్దు దాటకుండా పెట్టెను తట్టి గుండును మళ్ళించడం పిన్‌బాల్‌లో ఒక నైపుణ్యంగా గుర్తింపు పొందింది.

విద్యుత్తు ప్రవేశం

1933లో విలియమ్స్ రూపొందించిన కాంటాక్ట్ అనే ఆటను పసిఫిక్ అమ్యూజ్‌మెంట్ కంపెనీ తయారు చేసింది. అంతకు ముందు గుండు గుంటలో పడితే అక్కడే ఉండిపోయేది. కాంటాక్ట్‌లో గుంటలో పడిన గుండు ఒక స్విచ్చును నొక్కుతుంది, బ్యాటరీ నుండి ప్రవహించిన విద్యుత్తు తీగచుట్టను అయస్కాంతంగా మారుస్తుంది, ఆ అయస్కాంతం లాగిన ఇనుప కడ్డీ గుండును తిరిగి పలకపైకి విసురుతుంది. దీనికి తోడు విద్యుత్ గంట కూడా మ్రోగేది. అంతవరకు మౌనంగా ఉన్న బల్ల ఆటగాడికి ఎదురుచెప్పడం మొదలుపెట్టింది. ఆ తరువాత వచ్చిన బంపర్లు, దీపాలు, స్కోరు చూపే అంకెలు అన్నీ ఈ దారిలోనే వచ్చాయి.

ఈ విజయం తరువాత పరిశ్రమకు కేంద్రమైన షికాగోకు తరలివెళ్ళి రాక్-ఓలా, బాలీ, ఎగ్జిబిట్ సప్లై కంపెనీలకు పనిచేశాడు.

నిషేధం, యుద్ధం, సొంత కంపెనీ

అప్పటి పిన్‌బాల్‌కు మంచిపేరు లేదు. కొన్ని యంత్రాలు నేరుగా డబ్బు చెల్లించేవి. ఇది జూదమని, పిల్లల భోజనం డబ్బులు దీని పాలవుతున్నాయని విమర్శలు వచ్చాయి. 1942లో న్యూయార్క్ మేయరు ఫియొరెల్లో లా గార్డియా నగరంలో పిన్‌బాల్‌ను నిషేధించి, యంత్రాలను పట్టించి సుత్తులతో పగులగొట్టించాడు. ఈ నిషేధం 1976 వరకు కొనసాగింది. ఆ సంవత్సరం రోజర్ షార్ప్ అనే రచయిత నగర పాలకుల సమక్షంలో గుండు ఎటు వెళ్ళబోతున్నదో ముందుగా చెప్పి మరీ ఆడి, ఇది అదృష్టంపై కాక నైపుణ్యంపై నడిచే ఆట అని నిరూపించాడు. మోసాన్ని అరికట్టి చేతి నేర్పుకు విలువ ఇవ్వాలన్న విలియమ్స్ ప్రయత్నాలన్నీ ఈ వాదానికి బలం చేకూర్చేవేనని ఇప్పుడు అనిపిస్తుంది గాని, ముప్పై నాలుగేళ్ళపాటు ఆ నగరం వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

1942లోనే యుద్ధం కారణంగా అమెరికాలో వినోదయంత్రాల తయారీ ఆగిపోయింది. విలియమ్స్, లిన్ డ్యూరంట్ కలిసి యునైటెడ్ మాన్యుఫాక్చరింగ్ అనే కంపెనీని స్థాపించి, పాత యంత్రాలను కొత్త పలకలతో, కొత్త బొమ్మలతో మార్చి అమ్మారు. లాస్ ఏంజెల్స్ నాటి విద్య మరోసారి అక్కరకు వచ్చింది. 1943లో ఇతడు విడిపోయి విలియమ్స్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని ప్రారంభించాడు. 1946లో సస్పెన్స్ అనే ఆటను విడుదల చేశాడు.

మరుసటి సంవత్సరం ఆట స్వరూపమే మారిపోయింది. గాట్లీబ్ కంపెనీలో హారీ మాబ్స్ రూపొందించిన హంప్టీ డంప్టీ యంత్రంలో ఫ్లిప్పర్లు, అనగా గుండును తిరిగి పైకి కొట్టే మీటలు, మొదటిసారిగా వచ్చాయి. పోటీదారులందరూ వెంటనే అనుసరించారు, విలియమ్స్ కూడా అందుకు మినహాయింపు కాదు. మాబ్స్ తరువాత విలియమ్స్ కంపెనీలోనే చేరాడు. అతడి తరువాత 1960లో వచ్చిన స్టీవ్ కోర్డెక్ దశాబ్దాలపాటు అక్కడ పనిచేశాడు.

ఫిలడెల్ఫియాకు చెందిన సామ్ స్టెర్న్ 1940ల చివర కంపెనీలో భాగస్వామి అయ్యాడు. 1950ల చివరికి స్థాపకుడు తప్పుకొన్నాడు. 1964లో జ్యూక్‌బాక్సుల తయారీదారు సీబర్గ్ కంపెనీని కొన్నది.

చివరి దశ

విలియమ్స్‌కు విశ్రాంతి జీవితం రుచించినట్లు లేదు. సామ్ స్టెర్న్, అతడి కుమారుడు గ్యారీ స్టెర్న్ 1970లలో ఆరంభించిన స్టెర్న్ ఎలక్ట్రానిక్స్ కోసం మళ్ళీ ఆటలు రూపొందించాడు. 1980లో వచ్చిన ఫ్లైట్ 2000 నాటికి ఇతడి వయసు డెబ్బై దాటింది. బ్యాటరీతో మ్రోగే గంటతో మొదలైనవాడు మైక్రోప్రాసెసరుతో మాట్లాడే యంత్రం వరకు పనిచేశాడు. ఆ సమయానికే డిఫెండర్ వంటి వీడియో ఆటలు పిన్‌బాల్ స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. విశేషమేమంటే, డిఫెండర్‌ను తయారు చేసినది ఇతడి పేరు మోస్తున్న కంపెనీయే. 1983లో తన 77వ ఏట విలియమ్స్ మరణించాడు.

అభిరుచిదారుల చేతిలో

1999లో కంపెనీ పిన్‌బాల్ తయారీని నిలిపివేసింది. నాటి నుండి ఈ యంత్రాల ఆయుష్షు అధికభాగం వాటిని కొనుక్కొన్న సామాన్యుల చేతిలో ఉంది. లాస్ వేగాస్‌లో 2006లో ప్రారంభమైన పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ వంటి ప్రదర్శనశాలలలో పాత యంత్రాలను సందర్శకులు నాణెం వేసి ఆడవచ్చును.

1970ల చివరి వరకు వచ్చిన యంత్రాలలో కంప్యూటరు లేదు. రిలేలు, పళ్ళచక్రాలు, వందలాది స్విచ్చులు కలిసి లెక్క కట్టేవి. వీటిలో సాధారణంగా వచ్చే లోపం స్విచ్చు మొనలపై మురికి. సన్నని ఆకురాయితో మెల్లగా రుద్ది, మొనల మధ్య దూరాన్ని సరిచేస్తే చాలావరకు నయమవుతుంది. ఫ్లిప్పరు కడ్డీ బిగిసినప్పుడు నూనె వేయాలన్న ఆలోచన సహజమే గాని, అది దుమ్ముతో కలిసి జిగురై యంత్రాన్ని మరింత పాడుచేస్తుంది. అక్కడ శుభ్రం చేయడం, అరిగిన తొడుగును మార్చడమే పద్ధతి. ఎండిన రబ్బరు వలయాలను, గీతలు పడిన గుండ్లను మార్చాలి, లేకపోతే సుమారు 80 గ్రాముల ఆ ఉక్కు గుండు పలకపై రంగును గీరివేస్తుంది. ఎలక్ట్రానిక్ యంత్రాలకు మరొక శత్రువు ఉన్నది. స్కోర్లను గుర్తుంచుకోవడానికి సర్క్యూటు బోర్డుపై అమర్చిన బ్యాటరీలు కారి రాగిగీతలను తినివేస్తాయి. అందువలన కొత్తగా యంత్రం కొన్నవారు మొదట చేసే పని బ్యాటరీలను బోర్డు నుండి దూరంగా మార్చడం.

ఆ తరువాత పెట్టెను సమంగా నిలబెట్టి, తలుపు తెరిచి, లోలకం బరువును తమకు నచ్చిన ఎత్తుకు జరుపుకొంటారు.