నూనె డబ్బా పట్టిన ఇంజినీరు

పోయిన వేసవి ఇంటర్న్‌షిప్‌లో నన్ను ఒక పెద్ద డీజిల్ జనరేటర్ దగ్గర పెట్టారు. గంటకోసారి ఆయిల్ ప్రెషర్ చూసి రిజిస్టర్‌లో రాయాలి, అంతే పని. మూడేళ్ళు మెకానికల్ చదివింది ఇందుకేనా అని ఒళ్ళు మండింది.

ఆ ఇంజన్ పక్కన నాలుగు బైపాస్ ఆయిల్ ఫిల్టర్లు వరసగా ఉండేవి. బేరింగులకి పోయే ఆయిలంతా మెయిన్ ఫిల్టర్ గుండానే పోవాలి కాబట్టి దాని జల్లెడ మరీ సన్నగా ఉంటే కుదరదు. బైపాస్ ఫిల్టర్ కొద్ది ఆయిల్‌నే పక్కకి లాగి, సన్నటి మసిని కూడా పట్టేసి, తిరిగి సంప్‌లోకి వదుల్తుంది. వందల లీటర్ల ఆయిల్‌కి ఒక్కటి చాలదు. పైగా నాలుగుంటే, ఒకదాని వాల్వు కట్టేసి, ఇంజన్ ఆపకుండానే ఎలిమెంట్ మార్చొచ్చు.

ఇంజన్ ఆపకుండా ఆయిల్ సంగతి చూడాలని అసలు ఎవరెవరు తంటాలు పడ్డారో అని వెతికితే ఎలైజా మెకాయ్ కనిపించారు.

కెంటకీలో బానిసత్వం నుంచి తప్పించుకుని కెనడా చేరిన దంపతుల కొడుకాయన. 1840ల్లో ఒంటారియోలోని కోల్‌చెస్టర్‌లో పుట్టారు. పదిహేనేళ్ళ వయసులో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో వెళ్ళి మెకానికల్ ఇంజినీరింగ్ నేర్చుకున్నారు. తర్వాత అమెరికాలోని మిషిగన్‌లో ఉద్యోగం వెతికితే, నల్లజాతివాడని ఇంజినీరు పని ఎవరూ ఇవ్వలేదు. మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో బాయిలర్‌కి బొగ్గు వేసే పని, నూనె పోసే పని దొరికాయి.

అప్పట్లో రైలు కొంతదూరం పోయి ఆగితే, మనిషి డబ్బాతో దిగి నూనె పోసేవాడు. ఆ మనిషే మెకాయ్. 1872లో ఆయన లూబ్రికేటర్‌కి పేటెంట్ వచ్చింది. ఆవిరి ఒత్తిడికే వాల్వు తెరుచుకుని, ఇంజన్ నడుస్తుండగానే నూనె సిలిండర్‌లోకి దిగుతుంది.

మొత్తం యాభైకి పైగా పేటెంట్లు తెచ్చుకున్నారు. పెట్టుబడి లేక చాలా హక్కులు అమ్ముకోవాల్సొచ్చింది. అందుకే ఆయన పరికరాలు తిరిగాయి గానీ, చాలావాటిమీద ఆయన పేరు లేదు. సొంత పేరుతో కంపెనీ పెట్టేసరికి 1920 వచ్చింది, వయసు డెబ్భై దాటింది. 1929లో పోయారు.

కష్టమే ఆయన్ని గొప్పవాణ్ణి చేసిందని నేననను. చదువుకున్న మనిషి చేతికి పార ఇవ్వడం అన్యాయమే. కానీ ఆ డబ్బా పట్టుకుని కూడా ఆయన ఇంజన్‌ని చూడటం మానలేదు.

మర్నాటి నుంచి నేనూ రాసే అంకెల్ని చదవడం మొదలెట్టా. ఫిల్టర్‌కి ముందూ వెనకా ప్రెషర్ తేడా పెరుగుతోందంటే అది మూసుకుపోతోందని అర్థం. అది నాకు ఆ రిజిస్టర్ దగ్గరే తెలిసింది.