ఉగాండాలో ప్రాణం పోసుకున్న థీసిస్

థీసిస్ బైండింగ్ అయ్యాక లైబ్రరీ అరలో దుమ్ము పట్టడమే దాని రాత అనుకుంటాం కదా. మేరీ ఐన్స్‌వర్త్ థీసిస్ కూడా పదిహేనేళ్ళు అలాగే ఉండిపోయింది.

మేరీ 1913లో అమెరికాలోని ఒహైయోలో పుట్టారు, పెరిగింది మాత్రం కెనడాలో, టొరంటోలో. పదిహేనేళ్ళప్పుడు విలియం మెక్‌డూగల్ రాసిన సైకాలజీ పుస్తకం చదివి, ఇదే నా దారి అనుకున్నారు. 1939లో టొరంటో యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ. గైడ్ విలియం బ్లాట్జ్. ఆయన ఆలోచన చాలా సింపుల్: వెనక్కి పరిగెత్తుకు రావడానికి ఒక చోటు ఉందన్న ధైర్యం ఉంటేనే పిల్లలు ముందుకెళ్ళి కొత్తవి ముట్టుకుని చూస్తారు. మేరీ థీసిస్ ఈ భద్రత మీదే. కానీ అది పసిపిల్లల్ని చూసి రాసింది కాదు, ప్రశ్నావళులతో చేసిన పని. ఆ అసంతృప్తి ఆమెకి ఉండిపోయింది.

తర్వాత యుద్ధం వచ్చింది. కెనడా మహిళా సైన్యంలో చేరి మేజర్ దాకా వెళ్ళారు. 1950లో పెళ్ళయ్యాక భర్త పీహెచ్‌డీ కోసం లండన్ వెళ్ళాల్సొచ్చింది. అక్కడ ఒక స్నేహితురాలు చూపించిన పేపర్ ప్రకటన పట్టుకుని జాన్ బౌల్బీ దగ్గర ఉద్యోగంలో చేరారు. తల్లికి దూరమైన పిల్లలు ఏమవుతారన్నది ఆయన పరిశోధన. బిడ్డకి అమ్మ మీద ప్రేమ పాలవల్ల మాత్రమే రాదన్న ఆయన వాదన మేరీకి మొదట్లో పెద్దగా ఎక్కలేదు.

1954లో మళ్ళీ భర్త ఉద్యోగం కోసమే ఉగాండా. కంపాలా చుట్టుపక్కల ఊళ్ళలో 26 కుటుంబాల ఇళ్ళకి, ఒక దుబాసీని వెంటబెట్టుకుని, నెలల తరబడి తిరిగారు. ల్యాబ్ లేదు, చేతిలో నోట్‌బుక్ ఉంది, అంతే. పాకే పిల్లలు అమ్మ ఒడి దిగి కొంచెం దూరం పోవడం, తిరిగి చూడటం, కొత్త మనిషి కనబడితే వెనక్కి రావడం... టొరంటోలో కాగితం మీద రాసింది ఇక్కడ మట్టినేల మీద పాకుతోంది! బౌల్బీ చెప్పింది నిజమేనని ఆమెకి అనిపించింది ఇక్కడే.

1963లో బాల్టిమోర్‌లో ఇదే పని ఇంకా పద్ధతిగా మొదలైంది. మళ్ళీ 26 కుటుంబాలే. ఏడాదిపాటు మూడు వారాలకోసారి, ఒక్కోసారి నాలుగు గంటలు. అప్పటికి ఆమెకి విడాకులయ్యాయి, పిల్లలు లేరు. ఏడాది నిండిన పిల్లలకి ఇరవై నిమిషాల పరీక్ష ఒకటి తయారుచేశారు: కొత్త గది, బొమ్మలు, ఒక అపరిచితురాలు, అమ్మ బయటికెళ్ళడం, తిరిగిరావడం. అందరూ ఏడుపే చూస్తారు, మేరీ మాత్రం అమ్మ తిరిగొచ్చిన క్షణాన్ని చూశారు. కొందరు అతుక్కుని ఊరట పొంది మళ్ళీ బొమ్మల దగ్గరికెళ్ళారు. కొందరు ఎంత ఎత్తుకున్నా ఊరుకోలేదు. ఇంకొందరు అమ్మని అసలు పట్టించుకోలేదు. ఈ మూడో రకాన్ని చూసి ఎంత ధైర్యమో అనుకునేరు! అలాంటి పిల్లల గుండె వేగం కొలిస్తే లోపల కంగారేనని తర్వాత వేరేవాళ్ళు తేల్చారు.

నాకు బాగా నచ్చింది ఏడుపు లెక్క. ఊరికే ఎత్తుకుంటే ఒడి అలవాటవుతుందని మన ఇళ్ళలోనూ అంటుంటారు. అప్పటి అమెరికా నిపుణులూ అదే చెప్పేవారు. మేరీ, ఆమె విద్యార్థిని సిల్వియా బెల్ కలిసి 1972లో ప్రచురించిన పేపర్ దీనికి ఎదురు: మొదటి నెలల్లో ఏడిస్తే వెంటనే పలికిన తల్లుల బిడ్డలే ఏడాది చివర్లో తక్కువ ఏడ్చారు. బిహేవియరిస్టులు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. ఇరవై ఆరు ఇళ్ళతో ప్రపంచం మొత్తానికీ చెప్పొచ్చా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. అమ్మమ్మ, పిన్ని, పక్కింటి అక్క అందరి చంకల్లో తిరిగే పిల్లని ఒక్కసారిగా కొత్త గదిలో వదిలేస్తే, ఆ ఏడుపుకి అర్థం వేరే ఉండొచ్చు కదా. నా అనుమానమూ అదే. అయినా ఇళ్ళకెళ్ళి గంటలకొద్దీ కూర్చుని చూసిన ఆ ఓపిక ముందు నాకు మాట రాదు.

మూడు గుంపుల్లో ఇమడని పిల్లలు కొందరు మిగిలిపోయారు. వాళ్ళని నాలుగో గుంపుగా గుర్తించినవాళ్ళలో మేరీ మెయిన్ ఒకరు, ఐన్స్‌వర్త్ దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి. 1999 మార్చిలో, మనలో చాలామంది పుట్టకముందే, మేరీ ఐన్స్‌వర్త్ వర్జీనియాలో కన్నుమూశారు.