వార్తావారధి - హైరమ్ పెర్సీ మాక్సిమ్

ఉప్పెనగాని, సుడిగాలిగాని ముంచుకువచ్చే వేళ ప్రజలను మేల్కొలిపే సాధనం సైరన్. ఆపద లేనంతకాలం అది స్తంభంపై మౌనంగా ఉంటుంది. అవసరమైన క్షణంలో మోగకపోతే మాత్రం దానిని నమ్ముకొన్న ఊరికే ముప్పు. అందుచేత అమెరికాలోని అనేక పట్టణాలలో నిర్ణీత దినాలలో సైరన్లను మోగించి పరీక్షిస్తారు. ఆ సమయంలో అమెచ్యూర్ రేడియో సభ్యులు చేతిరేడియోలు ధరించి సైరన్ల సమీపంలో నిలుస్తారు. అది మోగినదీ లేనిదీ, స్పష్టంగా వినిపించినదీ లేనిదీ వెంటనే కేంద్రానికి తెలియజేస్తారు. వారికి జీతభత్యాలు లేవు. సేవాభావమే వారిని నడిపించే శక్తి. ఇటువంటి ఔత్సాహికులను ఒక్క త్రాటిపైకి తెచ్చిన దార్శనికుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్.

మాక్సిమ్ 1869 సెప్టెంబరు 2న, నాడు ప్రత్యేక నగరంగా ఉన్న బ్రూక్లిన్‌లో జన్మించాడు. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ మెషిన్‌గన్‌ను కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధి పొందినవాడు. ఆయన ఇంగ్లండు వెళ్లి అక్కడే స్థిరపడటంతో బాలుడు తల్లి సంరక్షణలో పెరిగాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి 1886లో విద్య పూర్తిచేశాడు. అనంతరం హార్ట్‌ఫర్డ్ నగరంలో మోటారు వాహనాల నిర్మాణంలో పాల్గొని మంచి ఇంజనీరుగా పేరు తెచ్చుకొన్నాడు.

తండ్రి తుపాకికి వేగాన్ని ప్రసాదిస్తే, కుమారుడు దాని గర్జనను అణచే సాధనాన్ని రూపొందించాడు. తుపాకి గొట్టం నుండి ఒక్కసారిగా వెలువడే వాయువులను సుడులు తిప్పి, వాటి వేగాన్ని తగ్గించి బయటకు పంపితే శబ్దం తగ్గుతుందని ఆయన గ్రహించాడు. 1909లో ఈ సైలెన్సర్‌కు పేటెంటు లభించింది. తరువాత ఆయన సంస్థ ఇంజన్ల రొదను తగ్గించే పరికరాలను కూడా తయారుచేసింది.

శబ్దాన్ని అణచడంలో నేర్పరి అయిన మాక్సిమ్ దృష్టిని, నిశ్శబ్దంగా ఆకాశంలో పయనించే రేడియో తరంగాలు ఆకర్షించాయి. కుమారునితో కలిసి ఆయన ఇంట్లోనే రేడియో కేంద్రాన్ని నెలకొల్పాడు. 1914 ఏప్రిల్‌లో ఒక రాత్రి, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు సందేశం పంపబోయాడు. ఎంత ప్రయత్నించినా అది చేరలేదు. మార్గమధ్యంలో విండ్సర్‌లాక్స్ అనే ఊరిలో మరొక ఔత్సాహికుడున్నాడు. మాక్సిమ్ ఆయనకు సందేశాన్ని అందించగా, ఆయన దానిని ముందుకు పంపాడు. సందేశం గమ్యం చేరింది.

సంఘటన చిన్నదే. కాని అది మాక్సిమ్‌కు గొప్ప ఆలోచనను ప్రసాదించింది. ఒంటరిగా ఏ కేంద్రమూ చేరలేని దూరాన్ని, చేయి చేయి కలిపిన కేంద్రాలు అవలీలగా దాటగలవు! వెంటనే క్లారెన్స్ టస్కా అనే యువకుని సహకారంతో అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించాడు. కొద్ది నెలలలోనే రెండు వందలకు పైగా కేంద్రాలు అందులో చేరాయి. 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుండి బయలుదేరిన సందేశం క్లీవ్‌లాండ్, జెఫర్సన్ సిటీ, డెన్వర్‌ల మీదుగా లాస్ఏంజలీస్ చేరింది. దాని జవాబు 1 గంట 20 నిమిషాలలో తిరిగివచ్చింది.

ఈ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో ప్రవేశించింది. ఔత్సాహిక కేంద్రాలన్నీ మూతపడాలని ప్రభుత్వం ఆదేశించింది. యుద్ధం ముగిసినా కష్టాలు తీరలేదు. రేడియో వ్యవస్థనంతటినీ నౌకాదళానికి అప్పగించే బిల్లు 1918లో చట్టసభ ముందుకు వచ్చింది. అది ఆమోదం పొందితే ఔత్సాహికులకు మనుగడే లేదు. మాక్సిమ్ వాషింగ్టన్ వెళ్లి, చట్టసభ సంఘం ఎదుట వారి పక్షాన వాదించాడు. లీగ్ సభ్యులు తమ ప్రతినిధులకు లేఖలు వ్రాశారు. బిల్లు వీగిపోయింది. 1919 శరదృతువులో వారి కేంద్రాలు మళ్లీ పలికాయి.

1912 నాటి చట్టం ఔత్సాహికులను 200 మీటర్లకు మించని తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. అవి దూరప్రసారానికి పనికిరానివని నాటి నిపుణుల నమ్మకం. అయితే 1923 నవంబరులో అమెరికా, ఫ్రాన్సు దేశాల ఔత్సాహికులు సుమారు 110 మీటర్ల తరంగాలపై అట్లాంటిక్ మహాసముద్రానికి ఇరువైపుల నుండి సంభాషించుకొన్నారు. పనికిరానివని వదిలివేసినవే ఖండాలను కలిపాయి. 1925లో పారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సమాఖ్య ఏర్పడగా, మాక్సిమ్ దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. 1935లో లీగ్ ఆపద సమయాలలో సేవలందించే దళాన్ని ఏర్పాటుచేసింది.

1936 ఫిబ్రవరి 17న, ప్రయాణంలో అస్వస్థుడై మాక్సిమ్ కొలరాడో రాష్ట్రంలోని లాహుంటాలో కన్నుమూశాడు. మరుసటి నెలలోనే ఈశాన్య అమెరికాను ఘోరమైన వరదలు ముంచెత్తాయి. ఆయన నివసించిన హార్ట్‌ఫర్డ్ నగరం కూడా జలమయమైంది. తీగలు తెగి టెలిఫోన్లు మూగబోయిన ప్రాంతాలలో ఔత్సాహికుల రేడియోలే దిక్కయ్యాయి. ఆయన నాటిన విత్తనం ఆయన లేని వేళ ఫలించింది.

ఆ ఫలం మన దేశానికీ అందింది. 1983లో హైదరాబాదులో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ బృందం అండమాన్ దీవులలో ఉండగా, 26వ తేదీన సునామీ విరుచుకుపడింది. వినోదం కోసం తీసుకువెళ్లిన రేడియోలతోనే ఆ బృందం ద్వీపవాసుల క్షేమ సమాచారాన్ని వారి ఆత్మీయులకు చేరవేసింది.

సైరన్ క్రింద నిలబడి చెవియొగ్గే స్వచ్ఛంద సేవకుడు చేసే పని చూపరులకు అల్పంగా తోచవచ్చు. కాని మూగబోయిన ఒక్క సైరన్‌ను ముందుగా గుర్తించడం ఎన్నో ప్రాణాలకు రక్ష. ఒక్కడి గొంతు చేరలేని చోటికి పదిమంది కలిస్తే చేరుతుందని మాక్సిమ్ జీవితం నిరూపించింది. తెలిసిన విద్యను తోటివారి మేలుకు వినియోగించినప్పుడే అది సార్థకమవుతుంది.