తెలుగు కార్టూనుకు మొదటి గీత – తలిశెట్టి రామారావు గారు

ఈ సంచికలో చేనేత పెద్దల గురించి చాలామంది రాస్తున్నారు. మేము మాత్రం బొమ్మలు గీసిన ఒక పెద్దమనిషి గురించి రాస్తున్నాము. ఎందుకంటే ఆయన కూడా మనలాగే తెలుగు నేల అంచున పుట్టినవారు.

తలిశెట్టి రామారావు గారు 1906 మే 20న జయపురంలో పుట్టినారు. అప్పుడు ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండె. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రం అయితే అందులో కలిసింది. మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, సరిహద్దే కదిలింది. ఈ సంగతి మన చంద్రపూర్ జిల్లావాళ్లకు కొత్త కాదు. మన రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నదే కదా.

ఆ కాలంలో తెలుగు పత్రిక అంటే పెద్ద పెద్ద వ్యాసాలు, పద్యాలు. చూడంగానే నవ్వు తెప్పించే బొమ్మ చాలా అరుదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1908లో ఆంధ్రపత్రికను బొంబాయిలోనే వారపత్రికగా మొదలుపెట్టినారు. అంటే ఆ పత్రిక మన మహారాష్ట్రలో పుట్టిందే. తర్వాత మద్రాసుకు మార్చినారు, 1924లో భారతి మాసపత్రిక తెచ్చినారు. 1930 ప్రాంతంలో ఈ పత్రికల్లోనే రామారావు గారి వ్యంగ్య చిత్రాలు వచ్చినయి. సంసారం సంగతులు, సమాజం పోకడలు ఆయన గీతలో పడ్డయి. భారతీయ చిత్రకళ మీద తెలుగులో పుస్తకం కూడా రాసినారు.

కార్టూను చిన్న పని అనుకోవద్దు. అంచులో ఒక్క పోగు తప్పితే పువ్వు వంకర పోతుంది. కార్టూనులో ఒక్క గీత ఎక్కువైతే నవ్వు పోతుంది. చెప్పవలసింది నాలుగు గీతల్లో, రెండు ముక్కల్లో చెప్పాలె.

1947లో, నలభై దాటంగానే, రామారావు గారు కాలం చేసినారు. ఆయన బతికింది కొద్దికాలమే అయినా ఆయన వేసిన బాట మీద ఎందరో నడిచినారు. అందుకే ఆయనను తెలుగు కార్టూను పితామహుడు అంటున్నారు. ఆయన పుట్టిన మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినంగా జరుపుకుంటున్నారు.

ఇప్పుడు మన ఇండ్లల్ల సంగతి చూడండి. పిల్లగాళ్లు తెలుగు మాట్లాడతరు, బడిలో మరాఠీ చదువుతరు. తెలుగు అక్షరం వాళ్లకు రాదు. పెద్ద పుస్తకం చేతిలో పెడితే పక్కన పెట్టేస్తరు. అదే బొమ్మ చూపిస్తే, కింద ఏం రాసి ఉన్నదని వాళ్లే అడుగుతరు. అక్షరం నేర్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అందుకని సంఘం పెద్దలకు మాదొక మనవి. వచ్చే మే 20న పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి తలా ఒక బొమ్మ గీయిద్దాం. దాని కింద ఒక్క తెలుగు మాట వాళ్ల చేతనే రాయిద్దాం. సరిహద్దు అవతల పుట్టిన మనిషి తెలుగుకు కొత్త కళనే తెచ్చినప్పుడు, మన పిల్లలు ఒక్క మాట రాయలేరా?