సేనాని పత్ని మార్తా వాషింగ్టను

జార్జి వాషింగ్టను పేరు వినని విద్యార్థి మన పాఠశాలలో నుండడు. గొడ్డలితో చెర్రీ చెట్టును నరికి, తండ్రి యెదుట నిజము నొప్పుకొన్న బాలుని కథ క్రింది తరగతులలోనే చెప్పబడుచుండును. ఆ కథ వాషింగ్టను గతించిన పిమ్మట వీమ్సు అను గ్రంథకర్త తన పుస్తకములో చేర్చిన కల్పన యని చరిత్రకారులు తేల్చియున్నారు. ఏండ్ల తరబడి దానినే బోధించిన మాకు ఈ సంగతి తెలిసినపుడు కొంత సిగ్గు కలిగెను. అయితే కల్పింపవలసిన యవసరమే లేని కథ యొకటి ఆ యింటనే కలదు. అది ఆయన భార్య మార్తాది. దానినే ఇక్కడ వ్రాయ సంకల్పించితిమి.

1731వ సంవత్సరము జూను 2వ తేదీన, అప్పటికి ఇంగ్లీషువారి వలసరాజ్యమై యుండిన వర్జీనియాలో, న్యూకెంటు మండలమునందు మార్తా డాండ్రిడ్జి జన్మించెను. ఎనమండుగురు బిడ్డలలో ఆమెయే పెద్దది. తండ్రి పొగాకు పండించు సామాన్య భూస్వామి. చదువును, కుట్టుపనియు, ఇంటి నిర్వాహమును ఆమె ఇంటనే నేర్చుకొనెను. పెద్దయైన పిమ్మట ఆమె వ్రాసిన ఉత్తరములలో అక్షరదోషములు మెండుగా నుండును. గాని అందుచేత ఆమెను తెలివితక్కువది యనుకొనిన మోసపోవుదుము.

పందొమ్మిదవ యేట డేనియలు పార్కు కస్టిసు అను ధనవంతునితో వివాహమయ్యెను. ఆయన ఆమెకంటె ఇరువది యేండ్లు పెద్దవాడు. నలుగురు బిడ్డలు కలిగిరి. అందిద్దరు పసితనముననే మరణించిరి. 1757 జూలైలో భర్తయు వీలునామా వ్రాయకయే చనిపోయెను. ఇరువదియారేండ్ల వితంతువు చేతికి సుమారు 17,500 ఎకరముల భూమియు, ఇద్దరు చిన్న బిడ్డలును, లండను వర్తకులతోడి పొగాకు లెక్కలును వచ్చిపడెను. ఆమె గుమాస్తాల కప్పగించి యూరకుండక, తానే వర్తకులకు ఉత్తరములు వ్రాసి, సరకునకు మంచి ధర రావలెనని హెచ్చరించెను. తరువాత సేనాశిబిరములలో కనబడిన ఆమె నిబ్బరమునకు మొదటి పాఠము ఇదియే యని మా యభిప్రాయము.

1759 జనవరి 6వ తేదీన ఆమె వర్జీనియా పటాలమునకు కర్నలుగా నుండిన జార్జి వాషింగ్టనును పెండ్లాడి, పోటోమాకు నది యొడ్డున నున్న మౌంటువెర్ననుకు కాపురమునకు వెళ్లెను. ఈ దంపతులకు సంతానము కలుగలేదు. జాకీ, పాట్సీ అను ఆమె బిడ్డలనే ఆయన సొంత బిడ్డలవలె పెంచెను.

పాట్సీకి మూర్ఛరోగము. వైద్యులకు చూపిరి, మందులు పోయించిరి, వేడినీటి బుగ్గలకు తీసికొనిపోయిరి. ఒక కమ్మరివానిచేత ఇనుప ఉంగరము చేయించి వ్రేలికి తొడిగించిరి. మన యూళ్లలో తాయెత్తులు కట్టించు తల్లులను చూచి నవ్వువారు ఈ ఉంగరమును జ్ఞాపకముంచుకొనవలెను. 1773 జూను 19వ తేదీన, మధ్యాహ్న భోజనమైన కొంతసేపటికి, పదునేడేండ్ల ఆ బాలిక మూర్ఛవచ్చి నిమిషములలో ప్రాణము విడిచెను. నలుగురిలో ఒక్కడే మిగిలెను.

ఆ యొక్కనియెడల తల్లికుండిన భయము చెప్పనలవికాదు. 1771లో జాకీకి మశూచికమునకు టీకా వేయింపవలసివచ్చెను. జెన్నరు కనిపెట్టిన గోమసూరి టీకా 1796 వరకు లేదు. అప్పటి పద్ధతి వేరు: నిజమైన మశూచికపు చీమునే చర్మములో గాటుపెట్టి ఎక్కింతురు, రోగము స్వల్పముగా వచ్చి పోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. కావున అంతయు ముగిసి కుర్రవాడు కోలుకొను వరకు ఆ సంగతి తల్లి చెవిని పడకుండ వాషింగ్టను దాచెను. అట్లు భయపడిన యా తల్లియే 1776లో ఫిలడెల్ఫియా నగరమున తానును ఆ టీకా వేయించుకొనెను. ఎందుకనిన, సేనలలో మశూచికము వ్యాపించియుండెను. టీకా లేనిదే ఆమె భర్త శిబిరములకు క్షేమముగా రాకపోకలు చేయ వీలులేదు.

1775 జూనులో వలసరాజ్యముల సేనకు వాషింగ్టను సర్వసేనాని యయ్యెను. నాడు మొదలు ఎనిమిదేండ్ల యుద్ధము. ఆ కాలమున మంచు కురియు నెలలలో పోరు నిలిచి సేనలు ఒకచోట విడిసియుండెడివి. ప్రతి శీతకాలమును మార్తా బండి కట్టించుకొని, చెడిన బాటలలో వారముల తరబడి ప్రయాణము చేసి భర్తయున్న చోటికి చేరుచుండెను. వసంతమున యుద్ధము తిరిగి మొదలుకాగానే ఇంటికి మరలుచుండెను. మొదటి యేట బోస్టను దగ్గర కేంబ్రిడ్జికి పోయి ఫిరంగుల మ్రోతలు వినెను. అంతకుముందు వర్జీనియా ప్రాంతము దాటి యెరుగని స్త్రీ ఆమె. లెక్కించి చూచినవారు యుద్ధకాలములో సుమారు సగము ఆమె శిబిరములలోనే గడపెనని చెప్పుదురు.

అన్నిటిలో కష్టమైనది 1777-78 నాటి వ్యాలీఫోర్జి శిబిరము. సుమారు 12,000 మంది సిపాయీలు కొయ్యగుడిసెలలో నుండిరి. కాళ్లకు జోళ్లులేక, కడుపునకు చాలక, రోగములచేత రమారమి 2,000 మంది మరణించిరి. ఒక్క తుపాకి దెబ్బ తగులకుండ ఇందరు పోయిరన్న మాట విద్యార్థులు గమనింతురుగాక. ఫిబ్రవరిలో మార్తా అక్కడికి చేరెను. సేనాని నివాసము చిన్న రాతి యిల్లు; అందు అధికారులతో కూర్చుండి భోజనము చేయుటకే చోటులేదు. ప్రక్కన కొయ్యదుంగలతో ఒక భోజనశాల కట్టిన పిమ్మట కొంత సుఖమయ్యెను. ఆమె మేజోళ్లు అల్లెను, చినిగిన బట్టలు బాగుచేసెను, రోగులను పరామర్శించెను, అధికారుల భార్యలను చేర్చుకొని పని చెప్పెను. ఇవి చిన్న పనులని తోచవచ్చును. అయితే చలిలో మేజోడు లేని పాదమునకు మేజోడు చిన్న వస్తువు కాదు.

1780లో ఫిలడెల్ఫియా స్త్రీలు ఇంటింటికి తిరిగి సిపాయీల కొరకు 3,00,000 కాగితపు డాలర్లకు పైగా ప్రోగుచేసిరి. ఎస్తరు రీడు ఆ పనికి నాయకురాలు. ఆ సంవత్సరముననే ఆమె మరణింపగా ఫ్రాంక్లిను కుమార్తె సారా బేచి పూనుకొనెను. మార్తా దానికి తోడ్పడెను. ఆ ద్రవ్యముతో గుడ్డ కొని 2,000కు మించి చొక్కాలు కుట్టిరి. ఒక్కొక్క చొక్కా మీద దానిని కుట్టిన స్త్రీ పేరు కుట్టబడియుండెను.

1781 అక్టోబరు 19వ తేదీన యార్కుటౌనులో కారన్‌వాలిసు ప్రభువు సేన లొంగిపోయెను. ఈయన మనకు క్రొత్తవాడు కాడు. తరువాత గవర్నరు జనరలై వచ్చి, 1793లో బంగాళమున శాశ్వత జమీందారీ పరిష్కారము చేసినది ఈ కారన్‌వాలిసే. దేశమంతయు విజయోత్సవములు చేసికొనుచుండ, మార్తాకు మాత్రము వేరొక వార్త వచ్చెను. యార్కుటౌనులో సవతి తండ్రికి సహాయకుడుగా నుండిన జాకీకి శిబిరజ్వరము తగిలెను. మార్తా చెల్లెలి భర్త ఇంటికి ఆతనిని చేర్చిరి. నవంబరు 5వ తేదీన, తల్లి చూచుచుండగనే, ఇరువదియారేండ్ల ప్రాయమున ఆతడు మరణించెను. ఆమె కన్న నలుగురిలో ఒక్కరును మిగులలేదు.

జాకీకి నలుగురు బిడ్డలు. పెద్ద పిల్లలిద్దరు తమ తల్లివద్ద పెరిగిరి. రెండేండ్ల నెల్లీని, ఆరు నెలల పసివాడైన మనుమని మార్తా తనయింట పెంచెను. మనుమనికి తాత పేరే పెట్టియుండిరి. ఏబదియవ యేట ఆమె మరల ఉయ్యెల యూపవలసివచ్చెను. నెల్లీచేత గంటల తరబడి వాద్యము సాధన చేయించెడిది. ఆ పిల్ల ఏడ్చినను విడువలేదు. మనుమని విషయములో మాత్రము ఆమె కాఠిన్యము మంచువలె కరగెడిది. నాయనమ్మలు ఎక్కడనైనను నాయనమ్మలే కదా!

1789లో వాషింగ్టను ప్రథమ అధ్యక్షుడు కాగా ఆమె న్యూయార్కులోను, పిమ్మట ఫిలడెల్ఫియాలోను శుక్రవారపు సాయంకాలములందు అతిథులను ఆదరించుచు ఎనిమిదేండ్లు గడపెను. ఆ వైభవము ఆమెకు చెరవలె తోచెనని ఆమె ఉత్తరమే చెప్పుచున్నది.

ఇంతవరకు మెచ్చుకొనుచు వ్రాసిన చేతితోనే ఇక ముందరిదియు వ్రాయవలసియున్నది. ఈ గృహసౌఖ్యమంతయు బానిసల శ్రమమీద నిలిచినది. 1796 మే నెలలో ఓనా జడ్జి అను యువతి, తన్ను మార్తా మనుమరాలికి పెండ్లి కానుకగా నియ్యబోవుచున్నారని తెలిసి, దొరలు భోజనము చేయుచుండగా ఇల్లు విడిచి పారిపోయి, న్యూహాంప్‌షైరు చేరెను. పిలిపింప జూచినను తిరిగి రాలేదు. 1848లో అక్కడనే మరణించెను. మార్తాకు ఇది కృతఘ్నతగా తోచెను. నలుగురు బిడ్డలను పోగొట్టుకొని పరుల బాధ నెరిగిన స్త్రీ, తన గది యూడ్చు పిల్ల మనస్సు నెరుగలేకపోయెను. దీనిని కాలధర్మమని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. ఆ కాలముననే ఓనా యుండెను గదా.

1799 డిసెంబరు 14వ తేదీన వాషింగ్టను మరణించెను. మార్తా వారి పడకగదిని మూయించి మూడవ యంతస్తులోని చిన్న గదికి మారెను. నలుబది యేండ్లు భర్త తనకు వ్రాసిన ఉత్తరములను, తాను వ్రాసిన వానిని కాల్చివేసెను. కొద్ది మాత్రమే మిగిలినవి. భర్త వీలునామా ప్రకారము ఆయన బానిసలు 123 మంది ఆమె పిమ్మట విడుదల పొందవలెను; ఆమె 1801 జనవరి 1వ తేదీననే వారిని విడిచెను. కస్టిసు ఆస్తికి చెందిన 153 మందిని విడుచుటకు చట్టమున ఆమెకు అధికారము లేదు. వారు మనుమల పాలయిరి. రెండు వర్గములవారు ఒకరినొకరు పెండ్లాడియుండుటచేత ఎన్నో కుటుంబములు విడిపోయెను. అధికారమున్న ఒక్కనిని, ఎలిషు అను వానిని, ఆమె విడువక మనుమనికి వ్రాసియిచ్చెను.

1802 మే 22వ తేదీన, డెబ్బదవ యేట, మార్తా మరణించెను. ఆమెను మౌంటువెర్ననులో భర్త ప్రక్కన నుంచిరి. ఆమె పెంచిన మనుమడు పోటోమాకు నది కట్టున ఆర్లింగ్టను అను భవనము కట్టించెను. 1864 నుండి ఆ తోట సైనికుల శ్మశానవాటిక. అందు సిపాయీల సమాధులలో వారి భార్యలకును చోటు కలదు.