తన బిడ్డలు కాని 153 మంది

లండన్ నగరానికి రెండు పర్యాయాలు మేయరుగా పనిచేసిన హెన్రీ కోలెట్, క్రిస్టియన్ దంపతులకు 22 మంది సంతానం. చివరకు దక్కినది జాన్ ఒక్కడే. ఆయన గురుపట్టం స్వీకరించి, లండన్‌లోని పునీత పౌలు ప్రధాన దేవాలయానికి డీన్ అయ్యారు.

1505లో తండ్రి మరణించగా అపారమైన ఆస్తి ఆయనకు సంక్రమించింది. గురువు కనుక వారసులు లేరు. ఆ ధనాన్ని ఇతరుల బిడ్డల చదువుకు వెచ్చించి, 1509లో దేవాలయం ప్రక్కనే గ్రామర్ స్కూలు స్థాపించారు. 153 మంది బాలురకు అక్కడ ఉచితంగా లాటిన్, గ్రీకు నేర్పేవారు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో శిష్యుల వలలో పడిన చేపలు కూడా 153 కదా! ఏ దేశపు బాలుడినైనా చేర్చుకోవాలన్నది నియమం. ప్రధానోపాధ్యాయుని ఆసనంపైన బాలయేసు స్వరూపం ఉండేది.

మొదటి ప్రధానోపాధ్యాయుడు విలియం లిలీ గృహస్థుడు. పాఠశాల ఆస్తిని, నిర్వహణను కూడా కోలెట్ గురువులకు గాక, మెర్సర్స్ అనే వర్తక సంఘానికి అప్పగించారు. తాను గురువై ఉండి, సంసారం నడిపే నగరవాసుల నిజాయితీని అంతగా నమ్మారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

1519లో కోలెట్ మరణించేనాటికి వృద్ధురాలైన తల్లి ఇంకా జీవించే ఉన్నారు. 22 మందిలో ఆమెకు ఒక్కరూ మిగలలేదు. పాఠశాల మిగిలింది. 1666 నాటి మహా అగ్నిప్రమాదంలో కాలిపోయినా మళ్లీ లేచింది. ఆ వర్తక సంఘం అండతోనే నేటికీ నడుస్తోంది.