రక్తాన్ని రంగుతో కొలిచిన సుబ్బారావు

జంగ్లీఘాట్‌లో ఉంటున్న మీరు ఎప్పుడైనా రక్తపరీక్ష చేయించుకున్నారా? రక్తంలోని పదార్థాలు కంటికి కనబడవు కదా! మరి వాటిని ఎలా కొలుస్తారు? అందుకు ఒక దారి చూపిన తెలుగువారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ చదువు సాగించారు.

1925లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైనకొద్దీ రంగు చిక్కబడుతుంది. ఆ రంగును కొలత తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కడతారు. మూత్రపిండాల, ఎముకల జబ్బులను గుర్తించడానికి ఈ కొలత తోడ్పడుతుంది.

టెస్టోస్టిరాన్ అనే హార్మోను పురుషుల రక్తంలో ఎక్కువగా, స్త్రీల రక్తంలో తక్కువగా ఉంటుంది. దాన్ని కొలిచే పద్ధతులు వేరు. అవి తరువాత వచ్చాయి. అయినా వాటిలో కొన్నింటిలో నేటికీ రంగు గాఢతనే చూస్తారు.

బోదకాలు మందు కూడా సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచే వచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన అమెరికాలోనే మరణించారు.

పగలు పనిచేసి రాత్రి పుస్తకం తెరిచే మీరు, ఒక పరీక్ష తప్పితే చదువు ముగిసిందనుకోకండి.

ఇప్పుడు చెప్పండి: నీలిరంగు పలుచగా వస్తే, రక్తంలో భాస్వరం ఎక్కువా, తక్కువా?